మన ఊళ్ళో రాక్ పాట వినిపించడం ఎలా

రాక్ సంగీతం ఇష్టమైనవాళ్ళకి కోనసీమలో ఒక బాధ ఉంటుంది. రాత్రి పూట ఒక పాట వింటాం, ఒళ్ళు జలదరిస్తుంది, ఇప్పుడే ఎవరికైనా వినిపించాలనిపిస్తుంది. ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు. లేచి ఉన్నా ఆ పాట అడిగేవాళ్ళు ఉండరు. హైదరాబాదులో అయితే వెతుక్కుంటే నలుగురు స్నేహితులు దొరుకుతారు. గోదావరి వశిష్ఠ పాయ పక్కన లంక ఊళ్ళో ఎవరిని వెతుక్కుంటాం? నేను చాలా ఏళ్ళు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కణ్ణే విన్నాను.

తర్వాత వినిపించడం మొదలుపెట్టాను. మొదటిసారి చేసిన పద్ధతి తప్పు. చుట్టాల గ్రూపులో ఒకే రాత్రి పన్నెండు లింకులు పెట్టాను. తెల్లారేసరికి ఒక దణ్ణం బొమ్మ వచ్చింది. దాని కింద ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షలు వరసగా పడ్డాయి, నా పాటలు పైకి జరిగిపోయాయి. ఒక్కరూ వినలేదు. చాలా బాధపడ్డాను. అందులో వాళ్ళ తప్పేమీ లేదని తెలియడానికి కొంతకాలం పట్టింది. మా బావకి హరికథలంటే ప్రాణం. ఆయన పన్నెండు హరికథల లింకులు ఒకేసారి పంపిస్తే నేను వింటానా? వినను. అదే బావ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని "ఇదిగో, ఇక్కడ విను, తాళం ఎలా ఆపాడో" అంటే తప్పకుండా వింటాను.

ఇప్పుడు మా ఊళ్ళోనూ చుట్టుపక్కలా కలిపి తొమ్మిదిమందిమి అయ్యాం. అందుకు నేను చేసింది ఇది. మీది భీమవరమైనా అమలాపురమైనా యానామైనా ఇలాగే చేయవచ్చు.

ముందు ఒక నోట్‌బుక్కు

చిన్న నోట్‌బుక్కు ఒకటి కొనండి. పాట విన్నాక నాలుగు సంగతులు రాయండి: బ్యాండు, పాట, వచ్చిన సంవత్సరం, మీకు ఒళ్ళు జలదరించిన చోటు. నాలుగోది నిమిషం, సెకను వేసి మరీ రాయండి. "పాట బాగుంది" అని రాస్తే రేపు మీకే గుర్తుండదు. "నాలుగున్నర నిమిషాల దగ్గర గిటారు మళ్ళీ లేచింది" అని రాయండి. రేపు మీరు ఎదుటి మనిషికి చూపించబోయేది ఆ చోటే. కొత్తగా వినేవాళ్ళు పాటంతా ఒకేసారి అందుకోలేరు. ఒక చోటు చేతికి దొరికితే దాన్ని పట్టుకుని మిగతాదాంట్లోకి వెళ్తారు.

ఇలా ఒక నెల రాయండి. మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళి విన్న పాటల పక్కన చుక్క పెట్టండి. చుక్క ఉన్నవే ఇంకొకరికి వినిపించండి. గొప్ప పాట అని అందరూ అంటున్నారని, మీకు లోపల ఏమీ కదలని పాటని తీసుకెళ్ళకండి. వినేవాళ్ళు పాటతో పాటు మీ ముఖం కూడా చూస్తారు.

ఎవరికి ఏ పాట

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. ఆ మనిషి చేతులు ఏ పని చేస్తాయో, చెవులు ఏం విని పెరిగాయో చూసి, దాన్ని బట్టి పాట ఎంచండి. మా ఊళ్ళో నేను ఎంచినవి కొన్ని చెబుతాను.

మా పెదనాన్నకి పాటలంటే పెద్ద ఆసక్తి లేదు. కానీ ఆయన ఏటిగట్టు మనిషి. 1986 ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రాత్రి గట్టు మీద ఇసుక బస్తాలు మోసినవాళ్ళలో ఆయన ఒకడు. ఆయనకి నేను ఎంచింది లెడ్ జెప్పెలిన్ అనే ఇంగ్లండు బ్యాండు 1971లో చేసిన 'వెన్ ద లెవీ బ్రేక్స్'. లెవీ అంటే ఏటిగట్టే. వాన ఆగకపోతే గట్టు తెగుతుంది, గట్టు తెగితే ఇక ఉండటానికి చోటు లేదు అనేదే ఆ పాట. అసలు ఇది వాళ్ళు పుట్టించిన పాట కాదు. 1927లో అమెరికాలో మిసిసిపి నది గట్లు తెగి లక్షలమంది ఇళ్ళు వదిలిపోయారు. ఆ వరద మీద మెంఫిస్ మిన్నీ, కాన్సస్ జో మెక్కాయ్ అనే నల్లజాతి దంపతులు 1929లో ఉత్త గిటార్లతో ఈ పాటని రికార్డు చేశారు. నలభై ఏళ్ళు దాటాక ఇంగ్లండు కుర్రాళ్ళు దాన్ని అందుకున్నారు.

పెదనాన్నకి ఇంగ్లీషు రాదు. "గట్టు తెగిపోతుందని భయపడుతూ పాడిన పాట పెదనాన్నా, వాళ్ళ నది కూడా మనదంత ఉంటుంది" అని చెప్పి పెట్టాను. ఏడు నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. పాట అయ్యాక, "ఆ డ్రమ్ము చూశావా, నీళ్ళు గట్టుకి కొడుతుంటే కాళ్ళ కింద అలాగే ఉండేదిరా" అన్నాడు. తర్వాత గంటసేపు ఆ రాత్రి గురించి చెప్పాడు. ఎక్కడ ఊట మొదలైందో, ఎవరు కేక వేశారో, పశువుల్ని ఎటు తోలారో. ఇన్నేళ్ళూ ఒకే ఊళ్ళో ఉండి నేను అవేవీ వినలేదు.

అదే పాటని తీర్థాల్లో డప్పు కొట్టే తమ్ముడికి ఇంకోలా వినిపించాను. అతనికి వరద సంగతి ముందు చెప్పలేదు. డ్రమ్స్ ఎలా రికార్డు చేశారో చెప్పాను. హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో ఆ బ్యాండు డ్రమ్మర్ జాన్ బోనమ్ డ్రమ్స్‌ని మెట్ల కింద హాల్లో పెట్టి, పైనుంచి రెండు మైకులు వేలాడదీశారు. ఆ ఇంటి గోడలు, మెట్లు కూడా మోగుతాయి. మన తమ్ముడికి ఆ కథ చెప్పక్కర్లేనంత బాగా అర్థమైంది, ఎందుకంటే బయలు ప్రదేశంలో కొట్టిన డప్పుకీ, వీధి మలుపులో రెండు మేడల మధ్య కొట్టిన డప్పుకీ తేడా అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. పాట ఒకటే అయినా ఇద్దరికి రెండు దారులు కావాల్సి వచ్చింది.

పద్యనాటకాలు ఇష్టపడే మావయ్యలు, బాబాయిలు మన వైపు ఇంకా ఉన్నారు. వాళ్ళని వదులుకోకండి. గిటార్ సోలో అర్థం చేసుకోవడానికి వాళ్ళకంటే సిద్ధంగా ఉన్న చెవి లేదు. పద్యం మాటలు అయిపోయాక నటుడు రాగం ఎత్తుకుని సాగదీస్తాడు, హార్మోనియం వెనకే వెళ్తుంది, జనం వన్స్ మోర్ అంటారు. సోలో చేసే పని కూడా అదే. మాట చెప్పగలిగినంత చెప్పాక మిగిలినదాన్ని తీగ చెబుతుంది. ఇలాంటివాళ్ళకి పింక్ ఫ్లాయిడ్ 1979 నాటి 'కంఫర్టబ్లీ నంబ్' పెట్టండి. ఆ బ్యాండు గిటారిస్టు డేవిడ్ గిల్మర్ సోలోలు ఇందులో రెండు. నాలుగున్నర నిమిషాల దగ్గర మొదలయ్యే రెండోది పాట చివరిదాకా నడుస్తుంది. "మావయ్యా, ఇక్కణ్ణుంచి పద్యం అయిపోయింది, రాగం మొదలైంది అనుకో" అంటే చాలు.

మన ఊళ్ళలో డ్రమ్ సెట్టు, కీబోర్డు, బేస్ గిటారు మూడూ ఒకేచోట కనపడేది ఎక్కువగా చర్చిలో. ఆదివారం ఆరాధనలో వాయించే కుర్రాళ్ళకి కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) తెలుసు, కలిసి వాయించడం తెలుసు, ఒకడు తప్పితే మిగతావాళ్ళు ఎలా కాయాలో తెలుసు. వాళ్ళని వెళ్ళి కలవండి. డైర్ స్ట్రెయిట్స్ 1978లో తెచ్చిన 'సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్' వినిపించండి. వాన రాత్రి, నదికి దక్షిణపు ఒడ్డున, పెద్దగా ఎవరూ పట్టించుకోని చోట ఒక చిన్న బ్యాండు మనసుపెట్టి వాయిస్తుంటుంది. పాటంతా అదే కథ. ఆ బ్యాండు గిటారిస్టు మార్క్ నాఫ్లర్ ప్లెక్ట్రమ్ (తీగ మీటే బిళ్ళ) లేకుండా ఉత్త వేళ్ళతో మీటుతాడు, చెవి పెడితే ఆ వేళ్ళ మెత్తదనం వినిపిస్తుంది. దీని తర్వాత ఇండియన్ ఓషన్ వాళ్ళ 'కందీసా' ఇవ్వండి. 2000లో వచ్చిన ఆ పాటకి మూలం కేరళ సిరియన్ క్రైస్తవులు తరతరాలుగా పాడుతున్న ప్రార్థన. మన దేశపు బ్యాండు, మన దేశపు ప్రార్థన, రాక్ వాద్యాలు. మా ఊరి కీబోర్డు కుర్రాడు ఇది విన్న వారమే మళ్ళీ నా దగ్గరికి వచ్చాడు.

కోలాటం వేసే అక్కలు, పిన్నులు ఉన్నారా? క్వీన్ బ్యాండు 1977 నాటి 'వియ్ విల్ రాక్ యూ' రెండు నిమిషాలే. అందులో డ్రమ్స్ లేవు. కాళ్ళతో రెండు దెబ్బలు, చేతులతో ఒక చప్పట్టు. గిటారు చివర్లో గానీ రాదు. జనం కూడా కలిసి పాడాలనే ఉద్దేశంతోనే ఆ బ్యాండు గిటారిస్టు బ్రయన్ మే దాన్ని కట్టాడు. మా పిన్ని రెండోసారికే కర్రలు తీసింది. ఆ బ్యాండు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పార్సీ కుటుంబంలో పుట్టినవాడు, మహారాష్ట్రలోని పంచ్‌గనిలో చదువుకున్నాడు అని చెబితే "మన దగ్గర చదివాడా!" అని ఇంకా దగ్గరగా కూర్చుంటారు.

లేత్ షాపులోనో వెల్డింగ్ షాపులోనో పనిచేసే అన్నకి బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ సంగతి చెప్పండి. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా యంత్రంలో పడి అతని కుడిచేతి రెండు వేళ్ళ కొనలు పోయాయి. ఎడమచేతి వాటం వాడు కాబట్టి తీగలు నొక్కే వేళ్ళు అవే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు. తర్వాత తీగల బిగువు తగ్గించి, స్వరం కిందికి దించి వాయించాడు. ఆ బరువైన ధ్వని నుంచే హెవీ మెటల్ అనే దారి పడింది. 1970లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ మొదట్లోనే వాన, గంట చప్పుడు, వాటి వెనక ఆ గిటారు వినిపిస్తాయి. యంత్రం దగ్గర నిలబడి పనిచేసే మనిషికి ఈ కథ ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

సంగీతం నేర్చుకునే పిల్లలకైతే పాలకొల్లు నుంచి మొదలుపెట్టండి. మాండలిన్ శ్రీనివాస్ 1969లో పుట్టింది అక్కడే. కర్ణాటక సంగీతాన్ని ఆయన పలికించింది ఎలక్ట్రిక్ మాండలిన్ మీద. తీగకి కరెంటు తగిలితే స్వరం ఎంతసేపు నిలబడుతుందో, గమకం ఎంత నున్నగా సాగుతుందో మన డెల్టా పిల్లవాడే ప్రపంచానికి వినిపించాడు. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే జాజ్ రాక్ బ్యాండు పెట్టిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ఆయన 'రిమెంబర్ శక్తి' అనే బృందంలో వాయించారు. కాబట్టి పాలకొల్లు నుంచి మెక్‌లాఫ్లిన్‌కి, అక్కణ్ణుంచి జాజ్ రాక్‌కి దారి తిన్నగా ఉంది. బెంగళూరు బ్యాండు అగం త్యాగరాజ కృతుల్ని రాక్ వాద్యాలతో పాడుతుంది, అది కూడా దారిలో తగులుతుంది.

ఏ సామాను కావాలి

ఫోన్ స్పీకర్‌లో రాక్ పాట వినిపించకండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. బేస్ గిటారు అన్నిటికంటే కింది తీగ 41 హెర్ట్జ్ (సెకనుకి 41 కంపనాలు) దగ్గర మోగుతుంది. ఫోన్‌లో ఉన్న గోరంత స్పీకరు ఆ లోతుకి దిగలేదు. బేస్, పెద్ద డ్రమ్ము పోతే మిగిలేది గిటారు గీరడం, అరుపు. "ఇదేం గోలరా" అన్నవాళ్ళలో చాలామంది అసలు పాట వినలేదు, సగం పాట విన్నారు.

బ్లూటూత్ స్పీకరు ఉంటే మంచిది. లేకపోతే టీవీకి పెట్టిన సౌండ్ బాక్సు చాలు. గోడకి దగ్గరగా పెడితే బేస్ పెరుగుతుంది, గది మూలలో పెడితే ఇంకా పెరుగుతుంది. మరీ గుయ్యిమంటే మూల నుంచి జానెడు ముందుకి జరపండి. టైల్స్ వేసిన ఖాళీ గదిలో శబ్దం గోడల మీద కొట్టుకుని చిందరవందర అవుతుంది. మంచం మీద బొంత పరవండి, కిటికీకి దుప్పటి కట్టండి, నాలుగు ధాన్యం బస్తాలు ఉంటే గోడకి ఆనించండి. మా మేనత్తగారి పాత మండువా ఇల్లు ఇవేవీ లేకుండానే బాగా పలుకుతుంది. చెక్క దూలాలు, పెంకు కప్పు, మధ్యలో ఆకాశం. అలాంటి ఇల్లు మీకు అందుబాటులో ఉంటే ఇంకో చోటు చూడకండి.

కొబ్బరితోటలో వినాలని అందరికీ ఉంటుంది. బాగానే ఉంటుంది గానీ అక్కడ గోడలు లేవు కాబట్టి బేస్ గాలికి పోతుంది. స్పీకరుని మోటారు షెడ్డు గోడకి ఆనించి, మీరు దానికి ఎదురుగా కూర్చోండి. పక్కనే రొయ్యల చెరువు ఉంటే ఏరియేటర్ల హోరు మెల్లని చోట్లని మింగేస్తుంది, అప్పుడు తోట మానేయండి.

ఇద్దరు ఒకే ఇయర్‌ఫోన్స్ చెరొకటి పెట్టుకుని వింటారు. అందులో ఒక ఇబ్బంది ఉంది. స్టీరియో పాటలో కుడి, ఎడమ వేరువేరుగా ఉంటాయి. 1960ల నాటి బీటిల్స్ పాటలు కొన్నిట్లో గొంతు ఒక వైపు, వాద్యాలు ఇంకో వైపు ఉంటాయి. మీకు గొంతు వినపడుతుంటే పక్కవాడికి వాద్యాలే వినపడతాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్ళి మోనో ఆడియో ఆన్ చేయండి. ఇద్దరికీ మొత్తం వినిపిస్తుంది. ఒంటరిగా వినేటప్పుడు తీసేయడం మర్చిపోవద్దు.

ఇంకో రెండు చిన్న పనులు. పాటలు ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోండి, లంకల్లో సిగ్నల్‌ని నమ్ముకుంటే సోలో మధ్యలో చక్రం తిరుగుతూ ఉంటుంది. పాత రికార్డింగులు కాస్త మెల్లగా, కొత్తవి గట్టిగా ఉంటాయి కాబట్టి యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ చేయండి, ఒక పాట నుంచి ఇంకో పాటకి వెళ్ళినప్పుడు ఎవరూ ఉలిక్కిపడరు.

ఏ వేళకి

సార్వా కోతలప్పుడు, దాళ్వా కోతలప్పుడు ఎవరినీ కదపకండి. సంక్రాంతికి అందరూ ఊరికి వస్తారు కదా అని నేను ఒక ఏడాది భోగి సాయంత్రం పెట్టాను. ఇంటినిండా చుట్టాలు, వీధిలో మైకు, ఉయ్యాల్లో పసిపాప. పాట గట్టిగా పెట్టేసరికి పాప గుక్కపట్టి ఏడ్చింది. చెల్లెలికి కోపం వచ్చింది, ఆ కోపం సరైనదే. పండక్కి వచ్చినవాళ్ళకి వినిపించాలంటే ముక్కనుమ మధ్యాహ్నం దాకా ఆగండి, అప్పటికి సందడి తగ్గుతుంది. ఎండాకాలం రాత్రి భోజనాలయ్యాక మేడ మీద బాగుంటుంది. వానాకాలం వసారా ఇంకా బాగుంటుంది.

రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటి దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్లు పెట్టకూడదని 2000 నుంచి దేశమంతటా నియమం ఉంది. నియమం సంగతి అలా ఉంచినా, తెల్లవారుజామునే చెరువుల మీదకో కొబ్బరి దింపుకో వెళ్ళాల్సిన మనిషి పక్కింట్లో ఉంటాడు. తొమ్మిదిన్నరకి ముగించండి.

ఒక్కరికే వినిపించడానికి నాకు ఇష్టమైన చోటు గోదావరి దాటించే పంటు. సఖినేటిపల్లి రేవులో ఎక్కి నరసాపురం రేవులో దిగేలోపు ఒక పాట పడుతుంది. ఎవరూ మధ్యలో లేచి వెళ్ళలేరు, ఎదురుగా నీళ్ళు తప్ప చూడటానికి ఏమీ లేదు.

పాటకి ముందు రెండు మాటలు, పాట నడుస్తుంటే ఒక్క మాట కూడా వద్దు

పాట పెట్టేముందు రెండు వాక్యాలు చెప్పండి. ఎవరు, ఎందుకు అన్నది ఒకటి, ఏ చోట చెవి పెట్టాలో ఒకటి. బ్యాండు చరిత్రంతా చెప్పకండి. "ఇదే అసలు సంగీతం, మీరు వినేదేమిటి" అనే మాట నోటి నుంచి రాకూడదు. ఆ మాట విన్న మనిషి పాట వినడు, మీతో వాదించడానికి తయారవుతాడు.

ఇంగ్లీషు రానివాళ్ళకి సాహిత్యం సంగతేమిటి? మాటకి మాట చెప్పడం వద్దు. పాటలో ఎవరున్నారు, వాళ్ళకి ఏమైంది అన్నది తెలుగులో నాలుగు ముక్కల్లో చెప్పండి. మామూలుగా నేను మొదటిసారి ఉత్తగా వినిపించి, రెండోసారికి ముందు చెబుతాను. గట్టు పాటలాంటివాటికి మాత్రం ముందే చెప్పాలి.

పాట మొదలయ్యాక మాట్లాడకండి. వాళ్ళ ముఖంలోకి చూస్తూ కూర్చోకండి, పరీక్ష రాస్తున్నట్టు టెన్షన్ పడతారు. మీరు కూడా కళ్ళు మూసుకుని వినండి. అవతలి మనిషి ఫోన్ తీస్తే తీయనివ్వండి. ఆపమంటే ఆపండి, "ఇంకొక్క నిమిషం" అనకండి. పాట అయ్యాక "ఎలా ఉంది?" అని వెంటనే అడగకండి. కాసేపు ఊరుకుంటే వాళ్ళే ఏదో ఒకటి అంటారు. "ఆయ్, బానే ఉందండి" అని ఊరుకుంటే నచ్చలేదని అర్థం, మర్యాద కోసం అన్నారు. దానికి నొచ్చుకోనక్కర్లేదు. రెండు నెలలు ఆగి, ఇంకో పాట, ఇంకో దారిలో.

వాళ్ళ పాట మీరు వినాలి

ఇది చేయకపోతే ముందు చెప్పినవన్నీ చేసినా ఉపయోగం ఉండదు. మీ పాట అయిన వెంటనే "ఇప్పుడు మీది ఒకటి పెట్టండి" అని అడగండి. వాళ్ళు పెట్టింది మొత్తం వినండి, మధ్యలో జరపకండి. ఆ పాటలో మీకు నచ్చిన చోటు ఒకటి వెతికి, అదే చోటు పేరు పెట్టి చెప్పండి. ఇంటికి వచ్చాక దాన్ని కూడా మీ నోట్‌బుక్కులో రాసుకోండి.

పద్యాల మావయ్య నాకు ఇచ్చిన పాత రికార్డింగులు నా దగ్గర ముప్ఫై దాకా ఉన్నాయి. మొదట్లో మర్యాదకి విన్నాను. పదో పద్యం దగ్గర నాకే ఒక సంగతి తెలిసింది. రాగం ఎత్తుకునేముందు మంచి నటుడు ఒక్క క్షణం పూర్తిగా ఆగుతాడు, ఊపిరి వినపడుతుంది. గిల్మర్ కూడా స్వరానికీ స్వరానికీ మధ్య అలాగే ఆగుతాడు. ఎన్నో ఏళ్ళుగా ఆ సోలో వింటున్నాను, ఆ ఖాళీ నాకు వినిపించింది మావయ్య పద్యాల వల్ల. ఇప్పుడు ఆయన తెల్లవారుజామున అయిదింటికి వాట్సాప్‌లో పద్యం పంపిస్తాడు. కింద "3:40 దగ్గర విను" అని ఉంటుంది.

వాట్సాప్‌లో పంపాలంటే

ఒక మనిషికి వారానికి ఒక పాట. గ్రూపులో వద్దు, విడిగా పంపండి. లింకు కింద ఒక వాక్యం, ఒక సమయం రాయండి: "తమ్ముడూ, నిన్న వానలో బండి మీద వస్తూ ఇది విన్నాను, 2:10 దగ్గర నువ్వు గుర్తొచ్చావు". రాయడం కంటే మీ గొంతుతో పదిహేను సెకన్ల వాయిస్ మెసేజ్ పెడితే ఇంకా మంచిది, కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నవాళ్ళకైతే మరీను. ఒకే పాటకి లైవ్ వీడియోలు, స్పీడు తగ్గించినవి, ఎవరెవరో వాయించినవి పది కనపడతాయి. ఆల్బమ్‌లో వచ్చిన అసలు రికార్డింగే పంపండి. విన్నావా అని రెండోసారి అడగకండి.

నలుగురు దొరికాక

ముగ్గురు, నలుగురు తయారైతే నెలకి ఒక రాత్రి కూర్చోండి. మేం పెట్టుకున్న పద్ధతి: మనిషికి ఒక పాట, ఎనిమిది నిమిషాలకి మించకూడదు, కొత్తగా వచ్చినవాళ్ళది ముందు. రాక్ కాకపోయినా పర్వాలేదు. పిన్ని ఒకసారి కోలాటం పాట తెచ్చింది, ఆ రాత్రి అందరికీ బాగా గుర్తున్నది అదే.

తినుబండారాల సంగతి కూడా చెప్పాలి. జంతికలు, చేగోడీలు పాట నడుస్తుండగా పెట్టకండి, మెల్లని చోట కరకరలు తప్ప ఏమీ వినపడవు. మా అత్తయ్య పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు వేస్తుంది. మెత్తగా ఉంటాయి, చప్పుడు చేయవు. టీ మాత్రం విరామంలోనే.

మూడు నెలలు గడిచాక ఒక ఆల్బమ్ మొత్తం పెట్టండి. మొదటిదిగా నేను పింక్ ఫ్లాయిడ్ 1973లో తెచ్చిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' చెబుతాను. నలభైమూడు నిమిషాలే, పాటలు ఒకదాంట్లోంచి ఒకటి ఏటి నీళ్ళలా నడుస్తాయి కాబట్టి వరస మార్చకూడదు, షఫుల్ ఆపేయండి. పాత ఎల్పీ రికార్డులో మొదటి వైపు చివర క్లేర్ టోరీ అనే ఆవిడ ఒక్క మాట కూడా లేకుండా గొంతు విప్పి పాడుతుంది. మనవాళ్ళకి ఆలాపన కొత్త కాదు, అక్కడ అందరూ సర్దుకుని కూర్చుంటారు. అది అవగానే ఆపి టీ ఇవ్వండి, ఆ రికార్డు తిప్పే చోటు కూడా అదే.

రెండో వైపు మొదటి పాట 'మనీ'. క్యాషు మిషను, చిల్లర చప్పుళ్ళతో మొదలవుతుంది. లెక్క పెట్టమనండి. ఏడు వస్తుంది. సంగీతం నేర్చుకున్న పిల్ల ఎవరైనా ఉంటే మిశ్రచాపు అంటుంది, తకిట తకధిమి అని చేత్తో వేస్తుంది, దాదాపు సరిపోతుంది. శాక్సఫోను సోలో దాకా ఏడే. గిటార్ సోలో మొదలవగానే నాలుగుకి మారి పాట పరుగెడుతుంది. మా డప్పు తమ్ముడు ఆ మారే చోటుని మొదటిసారే పట్టుకున్నాడు, చెయ్యెత్తి చూపించాడు.

"ఏం వింటున్నావ్?" అని ఎవరైనా అడిగితే

"ఏవో పాటలు" అనకండి. అడిగిన మనిషి తలుపు తీశాడు. ఒక్క పాట పేరు, ఒక్క కారణం చెప్పండి, చెవిలో ఉన్న ఇయర్‌ఫోన్ తీసి తుడిచి ఇవ్వండి. అందుకే నోట్‌బుక్కులో ఈ వారం పేజీ ఎప్పుడూ నిండుగా ఉంచుకోండి.

నా పేజీలో ఈ వారం మూడు ఉన్నాయి. ద డోర్స్ 1971 నాటి 'రైడర్స్ ఆన్ ద స్టార్మ్', నిజం వాన చప్పుడు, ఉరుముల మధ్య కీబోర్డు చినుకుల్లా పడుతుంది. మా వసారా పెంకుల మీద వాన పడుతుంటే ఏది పాటలోదో ఏది బయటిదో తెలియడం లేదు. రెండోది మాండలిన్ శ్రీనివాస్, మూడు రోజులుగా పొద్దున్నే వింటున్నాను. మూడోది పెదనాన్న అడిగాడు. ఆ గట్టు పాటని ముందు పాడిన ఆలుమగలది, 1929ది, ఉత్త గిటార్లది. రేపు సాయంత్రం గట్టు మీదికి వెళ్తున్నాం, స్పీకరు చార్జింగ్ పెట్టాను.